గోడను వదిలి అమ్మాయిని చూడండి

డ్రెస్డెన్ మ్యూజియంలో ఉన్న డచ్చి చిత్రకారుడు వెర్మీర్ చిత్రం, కిటికీ దగ్గర నిలబడి ఉత్తరం చదువుకునే అమ్మాయిది, 2021 నుంచి చిక్కు వీడిన పొడుపుకథ అయిపోయింది. ఆమె వెనక గోడ మీద క్యూపిడ్, అంటే వాళ్ళ మన్మథుడు, బయటపడ్డాడు. కాబట్టి అది ప్రేమలేఖే, ఇక వాదన లేదట.

అంతకుముందు అక్కడ ఉన్నది బోసి గోడ. ఆ బోసితనంలోనే తరతరాల విమర్శకులు మౌనాన్నీ, ఒంటరితనాన్నీ చూశారు. 1979లో ఎక్స్‌రే మన్మథుణ్ణి పట్టిచ్చినా, వెర్మీరే వద్దనుకుని చెరిపేశాడని సర్దుకున్నారు. తీరా 2017లో మొదలైన శుభ్రత పనిలో, ఆ పైపూత కింద దుమ్ము పొర దొరికింది. 1675లో చిత్రకారుడు పోయాక, దశాబ్దాల తర్వాత ఎవరో పూసిన రంగు అది. గోడలకు చెవులుంటాయంటారు. విమర్శకులు ఈ గోడకు నోరు కూడా పెట్టారు, అదీ పరాయి నోరు!

ఇంత దెబ్బ తిన్నాకైనా జాగ్రత్త రావాలి కదా. నిన్న ఖాళీ గోడను అడిగినట్టే ఇవాళ నిండు గోడను అడుగుతున్నారు.

మన్మథుడి కాళ్ళ కింద మాస్కులున్నాయి. కపటాన్ని తొక్కేసిన ప్రేమ అని దానికి అర్థం చెబుతారు. ఆనాటి డచ్చి వాళ్ళకు అది తెలిసిన సంకేతమే, కాదనను. కానీ న్యూయార్క్‌లో ఉన్న మరో వెర్మీర్ చిత్రంలో, బల్ల దగ్గర కునికే పనిమనిషి తల పైన కూడా అలాంటి కాలూ మాస్కూ కనిపిస్తాయి. లండన్‌లో వర్జినల్ వాయిద్యం ముందు నిలబడి మనల్నే చూసే ఆవిడ వెనకా మన్మథుడే. 1676లో వెర్మీర్ ఇంటి సామాన్ల జాబితాలోనూ ఒక క్యూపిడ్ బొమ్మ ఉంది. ఇంట్లో వేలాడే పటం కునుకుకూ, సంగీతానికీ, ఉత్తరానికీ ఒకే భావం ఎలా అంటగడుతుంది?

అమ్మాయిని చూడండి. కాగితాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. ముందున్న బల్ల మీద పళ్ళ పళ్ళెం ఒరిగింది, ఆమె పట్టించుకోలేదు. పక్క నుంచి మనకు పూర్తిగా కనబడని ముఖం కిటికీ అద్దంలో మసగ్గా తేలుతోంది. సంతోషమా, దిగులా? చివరి వాక్యం దాకా ఇంకా రాని మనిషి ముఖం అది. ఉత్తరంలోని ఒక్క అక్షరమూ మనకు కనిపించదు.

కుడివైపు ఆకుపచ్చ తెర ఉంది చూశారా? దాని కింద మొదట పెద్ద వైన్ గ్లాసు ఉండేది. దాన్ని మాత్రం వెర్మీరే స్వయంగా కప్పేశాడు.