ఇంటింటి ఆరోగ్యం: గుండెకి సి.టి. స్కాను

ఇంట్లో మగవాళ్ళు గుండెలో నొప్పి అంటే వెంటనే ఆటో పిలుస్తాం. అదే నొప్పి మనకొస్తే గ్యాస్ అనుకుని కాస్త వాము నమిలి ఊరుకుంటాం. పైగా ఆడవాళ్ళకి ఒక్కోసారి గుండె జబ్బు నొప్పిగా కాకుండా ఆయాసంగానో, దవడ లాగినట్టో, వీపులో బరువుగానో, చెప్పలేని నీరసంగానో బయటపడుతుంది. ఇంక ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి!

మా ఎదురింటి వదినగారికి మెట్లెక్కితే ఆయాసం. ఇ.సి.జి. బాగానే ఉంది. డాక్టరుగారు సి.టి. యాంజియోగ్రాం రాశారు. "పండగ వెళ్ళాక చూద్దాంలే" అన్నారావిడ. అసలు భయం ఏమిటంటే, తొడలోంచి గొట్టం పెడతారేమోనని.

ఆ గొట్టం పరీక్ష వేరు, ఇది వేరు. ఇందులో సెలైనుకి గుచ్చినట్టే చేతి నరానికి సూది పెట్టి అయోడిన్ ఉన్న మందు ఎక్కిస్తారు. గారె చిల్లులాంటి మిషనులోకి మంచం జరుగుతుంది. మందు గుండె నాళాల్లోకి చేరే వేళకి ఎక్స్‌రేలతో చుట్టూ బొమ్మలు తీస్తారు. నాళం గోడల్లో కొవ్వు, సున్నం పేరుకుంటే కనిపిస్తాయి.

చిక్కల్లా గుండె ఆగదు కదా! కదిలే చంటిపిల్లకి ఫొటో తీస్తే మసకగా రాదూ? అందుకని నాడి నిమిషానికి 60 దగ్గరికి దిగేలా మాత్ర ఇస్తారు. నాళాలు విచ్చుకోవడానికి నాలుక కింద మందు వేస్తారు, దాంతో కాస్త తలనొప్పి రావచ్చు. ఊపిరి బిగబట్టమన్నప్పుడు కొన్ని సెకన్లు కదలకూడదు. మందు ఎక్కుతుంటే ఒళ్ళంతా వేడెక్కి, చీర తడిసిందేమో అనిపిస్తుంది. తడవదు, కంగారుపడకండి. ముందురోజు నుంచే కాఫీ, టీలు మానమంటారు. మనకి అసలు కష్టం అదే!

ఉబ్బసం, థైరాయిడ్, కిడ్నీ జబ్బు, మందులు పడకపోవడం, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడటం, నెల తప్పిందన్న అనుమానం, వీటిలో ఏది ఉన్నా దాచకుండా ముందే చెప్పాలి.

స్కాట్లండులో ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి మామూలు వైద్యంతోపాటు ఈ స్కాను కూడా తీశారు. 2018లో వెలువడిన ఫలితం చూడండి. అయిదేళ్ళలో గుండెపోటు వచ్చినవాళ్ళు, గుండె జబ్బుతో పోయినవాళ్ళు కలిపి స్కాను జట్టులో నూటికి 2.3, రెండో జట్టులో 3.9. మిషను వైద్యం చెయ్యలేదు. లోపల ఉన్నది కనబడ్డాక సరైన మందులు పడ్డాయి, అంతే. వదినగారికీ అడ్డంకి లేదుగానీ కొద్దిగా కొవ్వు కనబడింది. మాత్రలు మొదలుపెట్టారు.

అలాగని ఏ బాధా లేకుండా ప్యాకేజీలో చవగ్గా వస్తోందని తీయించుకోకండి, ఎక్స్‌రేలు ఊరికే ఒంటికి మంచివి కావు. సున్నం బాగా పేరుకుంటే బొమ్మ స్పష్టంగా రాదు. గట్టి అడ్డంకి కనబడితే గొట్టం పరీక్ష తప్పకపోవచ్చు. చెమటలు పట్టి గుండె పిండేస్తుంటే మాత్రం స్కాను సెంటరు వెతుక్కోకుండా వెంటనే 108కి ఫోను చెయ్యండి.