ఒళ్లు మాదీ, తీర్పు మీదీనా?

అమెరికాలో ఫుట్‌బాల్ ఆడినోడి సంగతి మన పత్రికలో ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. అడగాల్సిందే. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ పుట్టినప్పుడు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికా నల్లవాళ్ల బ్లాక్ పాంథర్స్ నుంచే గదా. అంతకుముందు 1946లోనే బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. వాళ్ల గెలుపులోనూ ఓటమిలోనూ మనం నేర్వాల్సింది ఉంది. అందుకే అలెన్ పేజ్ గురించి రాస్తున్నాం.

అక్కడి ఫుట్‌బాల్ మన ఊళ్లల్లో కాలితో తన్నే ఆట కాదు. మొనదేలిన బంతిని పట్టుకుని ఒక జట్టు ముందుకి దూసుకొస్తుంది. రెండో జట్టు అడ్డం పడి పడగొడుతుంది. ఆ అడ్డం పడే వరుసలో నిలబడేవాడు పేజ్. మామూలుగా బంతి విసిరేవాడికి పేరొస్తుంది, అడ్డం పడేవాడికి దెబ్బలొస్తాయి.

1945లో ఒహాయో రాష్ట్రం కాంటన్ పట్నంలో పుట్టాడు. తల్లి డబ్బున్నోళ్ల క్లబ్బులో పనిచేసేది. ఆ ఊళ్లోనే ఫుట్‌బాల్ మహామహుల పేరిట హాల్ ఆఫ్ ఫేమ్ అనే పెద్ద భవనం కట్టి 1963లో తెరిచారు. దాని కట్టుబడిలో కుర్రాడిగా కూలిపని చేశాడు పేజ్. 1988లో అదే భవనంలో అతని కంచు విగ్రహం పెట్టారు. రాళ్లు మోసినోణ్ణి గుళ్లోకి రానివ్వని దేశంలో పుట్టిన మనకి ఈ సంగతి విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

1967లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టులో చేరాడు. 1971లో ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. అడ్డం పడే వరుస నుంచి ఆ గౌరవం దక్కినవాడు, ఆ లీగు చరిత్రలో అతనే మొదలు. పదిహేను సీజన్లు ఆడాడు. 1974లో ఆటగాళ్లు సమ్మె కట్టిన కాలంలో వాళ్ల సంఘం నాయకుల్లో ఒకడు.

ఇంతవరకే అయితే మేం రాసేవాళ్లం కాదు. నల్లవాడి ఒంటిబలానికి చప్పట్లు కొట్టడం తెల్ల దొరలకి కొత్త కాదు. పొలంలో బలం కావాలి, మైదానంలో బలం కావాలి. బుర్ర మాత్రం వద్దు. పేజ్ చాలాసార్లు చెప్పిన మాట ఒకటుంది: ఆట పాఠాల పుస్తకం పైకి చదవమంటే తన జట్టులోనే కొందరు చదవలేకపోయారట. వాళ్లంతా కాలేజీలు దాటి వచ్చినోళ్లు! భుజాలు వాడుకున్న కాలేజీలకి వాళ్ల చదువు పట్టలేదు. ఇది వాళ్ల తెలివితక్కువతనమా, ఆ చదువుల మోసమా?

పేజ్ ఆ మోసానికి లొంగలేదు. ఆడుతూనే లా చదివి 1978లో పట్టా పుచ్చుకున్నాడు. అదే ఏడు, పరుగు సాధనతో ఒళ్లు తగ్గిన అతన్ని వైకింగ్స్ వదిలేసింది. షికాగో జట్టుకి పోయి 1981 దాకా ఆడాడు. ఆ తర్వాత వకీలు పనే చేసుకున్నాడు.

మిన్నెసోటాలో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిలను జనం ఓటేసి ఎన్నుకుంటారు. 1992లో పేజ్ నిలబడదామనుకుంటే, ఉన్న జడ్జి పదవీకాలాన్ని గవర్నరు పొడిగించాడు. ఎన్నికే లేకుండా పోయింది. తలుపు మూసే పద్ధతి ఎక్కడైనా ఒకటే! పేజ్ బతిమాలలేదు. కోర్టుకెక్కి ఎన్నిక జరిపించుకున్నాడు, గెలిచాడు. 1858లో రాష్ట్రమైన మిన్నెసోటాకి తొలి నల్ల జడ్జి ఆ పెద్ద కోర్టులో కూర్చోవడానికి 1993 దాకా పట్టింది. డెబ్బై ఏళ్లు నిండి 2015లో దిగేదాకా కూర్చున్నాడు.

నవ్వకండి. మన దేశంలో 1950లో మొదలైన సుప్రీంకోర్టుకి తొలి దళిత జడ్జి 1980లో వచ్చాడు. తొలి దళిత ప్రధాన న్యాయమూర్తి 2007లో. తీర్పు చెప్పే బల్ల మనకెందుకంటారా? 1991లో చుండూరులో మనోళ్లను నరికి గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. చచ్చింది మనం, ఏడ్చింది మనం. బల్ల అవతల ఎవరు కూర్చుంటున్నారన్నది మనం అడగాల్సిన ప్రశ్న కాదా?

అట్లాగని ఒకడు ఎక్కితే జాతి మొత్తం ఎక్కినట్టు కాదు. పేజ్ ఇరవై రెండేళ్లు జడ్జిగా ఉన్న ఆ రాష్ట్రంలోనే, మినియాపొలిస్ నగరంలో 2020 మే 25న జార్జి ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాడు. కుర్చీ కావాలి, కుర్చీ ఒక్కటే చాలదు.

ఈ సంగతి పేజ్ ముందే ఎరిగినట్టున్నాడు. 1988లోనే భార్య డయాన్‌తో కలిసి ఫౌండేషన్ పెట్టి, నల్లవాళ్లూ ఇతర తెల్లేతర జాతుల పిల్లలూ కాలేజీ చదవడానికి సాయం మొదలెట్టాడు. దానికో షరతు ఉంది. డబ్బు తీసుకున్న ప్రతి విద్యార్థీ తనకన్నా చిన్నపిల్లల దగ్గరికెళ్లి చదువులో తోడు నిలవాలి. మేం దీన్ని దానం అనం. బాకీ తీర్చడం అంటాం.

2017లో మినియాపొలిస్‌లో ఒక బడి పిల్లలు తమ బడి పేరు మార్పించారు. పాత పేరు అలెగ్జాండర్ రామ్సే అనే గవర్నరుది. 1862లో డకోటా ఆదివాసులను చంపేయాలి లేదా తరిమేయాలి అన్నవాడు. పిల్లలే కదిలి ఆ పేరు తీయించి పేజ్ పేరు పెట్టించారు.

మరి మనోళ్ల సంగతి? రిజర్వేషన్‌తో ఉద్యోగమొచ్చి, పట్నంలో ఇల్లు కట్టి, వాడ పేరు చెప్పడానికి సిగ్గుపడే అన్నలు లేరా? వాళ్లని తిట్టడం మా ఉద్దేశం కాదు. ఎక్కిన మెట్టు మీద ఇంకొకడికి చెయ్యి అందించమంటున్నాం. పండగకి వాడకొచ్చినప్పుడు కొత్తబట్టలు చూపించిపోవద్దు, పిల్లలను కూర్చోబెట్టి పాఠం చెప్పి పొమ్మంటున్నాం.

కార్యకర్తలకీ ఒక మాట. కబడ్డీలో కప్పు తెచ్చిన మన కుర్రాడికి దండ వేసి ఊరుకోవద్దు. పదో తరగతి పాసయ్యాడా, కాలేజీలో ఫీజు కట్టాడా అని అడగండి. సాయంత్రం అంబేద్కర్ విగ్రహం దగ్గర దీపం పెట్టి పిల్లలకి చదువు చెప్పే పని ఈ నెలలోనే మొదలెట్టండి.

బలం మనకి ఎప్పుడూ ఉంది. తీర్పు కూడా మన చేతికి రావాలి.

జై భీమ్!