కప్పు దింపే ముందు

రావికమతంలో మా అత్తది పాతకాలం పెంకుటిల్లు. మట్టిగోడలు, తాటి దూలాలు, వీధి వైపు అరుగు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినరోజు ఆ ఇంటి పెంకులు చాలా ఎగిరిపోయాయి. దొరికినవి ఏరి, లేనిచోట రేకు ముక్కలు కప్పి సర్దుకున్నారు. ఆ సర్దుబాటే ఇన్నాళ్లూ లాక్కొచ్చింది. మొన్నటి వానలకు మాత్రం వంటింట్లో మూడు గిన్నెలు పెట్టాల్సి వచ్చింది.

‘ఇక లాభం లేదు. మొత్తం పీకించి శ్లాబు వేయించేస్తాను’ అంది అత్త. పంచాయతీలో అడిగావా అన్నాను.

‘నా ఇంటికి నేను కప్పు వేసుకోడానికి ఇంకొకల్ని అడగాలేటిరా?’

అత్త మాటలో సగం న్యాయం ఉంది. పాత పెంకులు తీసి కొత్తవి నేయించడం, చిల్లుపడ్డ రేకు మార్చడం మరమ్మతు కిందికి వస్తాయి. జాతీయ భవన నియమావళి కూడా పైకప్పు తిరిగి వేసుకోవడాన్ని అనుమతి అక్కర్లేని పనుల జాబితాలోనే పెట్టింది. అయితే అది దారి చూపే పుస్తకం మాత్రమే. మన ఊళ్లో చెల్లేది స్థానిక నిబంధనలే.

చిక్కంతా శ్లాబు దగ్గరే. పెంకు తీసి శ్లాబు వేస్తే అది మరమ్మతు కాదు, కట్టడం. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇల్లు కట్టాలన్నా, తిరిగి కట్టాలన్నా, ఉన్నదానికి మార్పులు చేయాలన్నా గ్రామపంచాయతీ అనుమతి కావాలి. ‘పాత ఇల్లే కదమ్మా, పర్మిషనెందుకు’ అని మేస్త్రి అనొచ్చు. రేపు నోటీసు వస్తే అది ఆయన పేరున రాదు.

కాగితం సంగతి అలా ఉంచి బరువు చూడండి. పన్నెండడుగుల చదరపు గదికి అయిదంగుళాల మందం శ్లాబు వేస్తే నాలుగు టన్నుల పైమాటే. పెంకుల్ని మోసిన మట్టిగోడలు దాన్ని మోస్తాయా? ప్లాను గీయడానికి వచ్చే ఇంజినీరును ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే. మోయలేవంటే కింది నుంచి స్తంభాలు లేపాలి. అప్పుడు ఖర్చు లెక్కే వేరు.

ఇంకో ముడి గ్రామకంఠం. పాత ఊళ్లలో చాలా ఇళ్లు ఆ స్థలంలోనే ఉంటాయి. తాతల నుంచి కాపురం ఉంటున్నా దస్తావేజు ఉండదు. అనుమతికి వెళ్తే మొదట అడిగేది హక్కు కాగితమే. ఇలాంటి ఇళ్లను కొలిచి ఆస్తి కార్డులు ఇచ్చేందుకే కేంద్రం 2020 ఏప్రిల్‌లో స్వామిత్వ పథకం తెచ్చింది. మీ ఊళ్లో సర్వే అయిందేమో కనుక్కోండి. ఈలోగా ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు పారేయకండి. (మా అత్త రసీదులన్నీ బియ్యం డబ్బాలో దొరికాయి.) ఊరు ఏ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోనైనా ఉందా అన్నదీ అక్కడే అడగండి. ఉంటే నిబంధనలు మారతాయి.

పాతవి ఆస్‌బెస్టాస్ రేకులైతే సుత్తితో పగలగొట్టించొద్దు. దాని పొగు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే క్యాన్సరు తెస్తుంది. తడిపి, మేకులు ఊడదీసి, రేకు రేకుగా దింపించాలి.

ఇంజినీరు వచ్చాడు. గోడను వేలితో గీకి చూశాడు. మట్టి రాలింది. అత్త ఆ గోడవంకా ఆయనవంకా చూసి, ‘సరే, పెంకే నేయించండి’ అంది. పాత ఎత్తులోనే కొత్త వాసాలు, కొత్త పెంకులు. మరమ్మతే అయినా, ఫలానా పని చేయించుకుంటున్నామని ఫొటో జతచేసి పంచాయతీలో ఒక అర్జీ ఇచ్చాం. ముద్ర వేసిన నకలు అత్త దేవుడి పటం వెనక పెట్టింది. పోయిన బుధవారం కప్పు దింపారు.