ఫొటోకో ఎరుపు, బటన్‌కో ఎరుపు

గద్వాల, నారాయణపేట చీరలమ్మే చిన్న దుకాణాలకు కల్వకుర్తిలో కూర్చుని వెబ్ పేజీలు తయారుచేస్తుంటాను. ఈ మధ్య ఒక గద్వాల చీర తిరిగొచ్చింది. మెంతిరంగు నూలు బాడీ, కుంకుమరంగు పట్టు బార్డర్. పేజీలో ఫొటో కింద రంగు ఎంచుకునే గుండ్రటి బటన్ ఉంటుంది. కొన్నావిడ కొత్త మానిటర్‌లో ఆ బటన్ చూసి ఎంచుకుంది. ఇంటికొచ్చిన చీర ఫొటోలా ఉంది, బటన్‌లా లేదు. ఆమె కోపం న్యాయమైనదే. కానీ ఫొటోలోని బార్డర్‌కూ, బటన్‌కూ మేమిచ్చిన రంగు అంకెలు ఒక్కటే.

అంకెలు ఒకటైనా రంగు రెండుగా కనబడిందంటే ఆ పని బ్రౌజర్‌ది. తెర మీది ప్రతి రంగుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. వడ్లు నాలుగు అని ఊరుకుంటే సరిపోదు, నాలుగు సోలలా, మానికలా చెప్పాలి. రంగు కూడా అంతే. ఆ కొలత ఏదో చెప్పే చీటీ ఫొటో ఫైలులోనే ఉంటుంది, దాన్ని కలర్ ప్రొఫైల్ అంటారు. దాన్ని చదివి బ్రౌజర్ ఫొటో రంగులను తెరకు తగ్గట్టు సరిచేస్తుంది. బటన్లకూ, పేజీ నేపథ్యానికీ చీటీ ఉండదు. కొన్ని బ్రౌజర్లు వాటిని సరిచేయకుండానే తెరకు పంపేస్తాయి. పాత తెరల మీద ఈ తేడా పెద్దగా తెలిసేది కాదు. మరింత గాఢమైన రంగులు చూపగలిగే కొత్త తెరల మీద మాత్రం సరిచేయని ఎరుపు మండిపోతుంది.

దీనికి నియమం లేదా అంటే, ఎప్పుడో ఉంది. ఎస్‌ఆర్‌జీబీ అనే కొలతను హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ 1996లో ప్రతిపాదించాయి, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. పేజీ రంగులన్నీ ఆ కొలతలోవేనని పేజీల రూపాన్ని నిర్ణయించే భాష సీఎస్ఎస్ 1998 నాటి రెండో వెర్షనే చెప్పింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఫొటోకు ఒక దారి, బటన్‌కు ఒక దారి ఏమిటి?

గద్వాల చీర అందమంతా నూలు బాడీకీ పట్టు బార్డర్‌కూ మధ్య రంగుల పొత్తులోనే ఉంది. 'కలర్ తేడా' అని వెనక్కొచ్చిన ప్రతి చీర నష్టం ముందు దుకాణం మీద, తర్వాత నేతగాడి మీద పడుతుంది. అద్దకంలో ఆయన చేసిన తప్పేమీ లేదు.

బ్రౌజర్లు చేసేవాళ్లు ఫొటోనూ పేజీనీ ఒకే దారిలో నడపాలి. అప్పటిదాకా మనమూ జాగ్రత్త పడాలి. ఐఫోన్ 7 వచ్చిన 2016 నుంచి ఫోన్లు పీ3 అనే పెద్ద కొలతలోనూ ఫొటోలు తీస్తున్నాయి. సైజు తగ్గించేటప్పుడు చీటీ ఊడిపోతే ఆ రంగులు వెలవెలబోతాయి. అందుకే ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, చీటీ ఉంచి ఎక్కించండి. రంగు బటన్ బదులు ఆ చీర ఫొటోలోంచి కత్తిరించిన చిన్న ముక్కనే, అదే చీటీతో పెట్టండి. చేనేత శిక్షణల్లో అమ్మకాల గురించి చెప్పే అధికారులు ఈ సంగతీ చెప్పాలి. కొనేవాళ్లకూ ఒక మాట: చీర ఎంచుకునేముందు దుకాణానికి ఫోన్ చేసి, పగటి వెలుతురులో వీడియో కాల్‌లో చూపించమని అడగండి.