కాయిల్ తప్పేం లేదు

మా నాన్న కారు వయసు నాకంటే ఎక్కువ. కార్బురేటర్ బండి. ఎండలో అరగంట నడిచాక ఉన్నట్టుండి ఆగిపోయేది, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్తే "బానే ఉంది కద సార్" అనేవాడు. మనం ల్యాబ్‌లో "నా సిస్టమ్‌లో రన్ అవుతోంది మేడమ్" అంటామే, అచ్చం అలాగే!

అయినా ఇగ్నిషన్ కాయిల్ మార్చాడు. మళ్లీ ఆగింది. పెట్రోల్ పంపు మార్చాడు. మళ్లీ ఆగింది. తుక్కుకి అమ్మేద్దాం అన్నారు నాన్న.

వరసపెట్టి పార్టులు మార్చడాన్ని రిపేర్ అనకూడదని నా అభిప్రాయం. జబ్బు వచ్చేది వేడి మీద, మనం చూసేది చల్లారాక. అలాంటప్పుడు మీటర్‌లో అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

అందుకే ఈసారి ఆగిన చోటే బానెట్ ఎత్తాం. టెస్టర్ పెడితే స్పార్క్ లేదు. వైరు చేత్తో పట్టుకుని మాత్రం చూడకండి, వేల వోల్టులు! కీ ఆన్ చేస్తే కాయిల్ ప్లస్ దగ్గర 12 వోల్టులు ఉన్నాయి. టెస్ట్ లైట్ ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, ఇంకోటి కాయిల్ మైనస్‌కి పెట్టి నాన్నని సెల్ఫ్ కొట్టమన్నా. లైటు మిణుకుమిణుకుమంటూ కూడా స్పార్క్ రాకపోతే కాయిల్‌ని అనుమానించాలి. మాకు అసలు వెలగనే లేదు. అంటే మాడ్యూల్, లేదా డిస్ట్రిబ్యూటర్‌లోని పికప్, లేదంటే వాటి వైరింగ్. చివరి రెండూ అక్కడే చూశాం, బాగానే ఉన్నాయి.

మాడ్యూల్ మార్చాం, కింద థర్మల్ పేస్ట్ రాసి మరీ, ప్రాసెసర్‌కి రాసినట్టే. మొన్న మే ఎండలో విజయవాడ వెళ్లొచ్చాం. పాత కాయిల్ ఇంకా డిక్కీలోనే ఉంది పాపం.