కవర్ వెతకొద్దు, కీబోర్డునే వెంట తీసుకెళ్లండి

వీడియో ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లను ఆన్‌లైన్‌లో ఊరించే సరుకుల్లో షార్ట్‌కట్‌లు అచ్చేసిన సిలికాన్ కీబోర్డ్ కవర్ ఒకటి. కట్‌కు ఒక రంగు, ట్రిమ్‌కు ఒక రంగు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇంట్లో డెస్క్‌టాప్, చేతిలో ల్యాప్‌టాప్, ఆఫీసులో మ్యాక్ వాడేవాళ్లు మూడింటికీ సరిపోయే కవర్ల కోసం వెతుకుతుంటారు. నా దృష్టిలో అది దండగ పని. కవర్ కొలత కీబోర్డును బట్టి ఉంటుంది, దాని మీది అచ్చు సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. మూడు కంప్యూటర్లలో ఈ రెండూ కుదరడం దాదాపు జరగని పని.

ముందు కొలత సంగతి. మ్యాక్‌బుక్‌లకు మోడళ్లు తక్కువ కాబట్టి కవర్లు దొరుకుతాయి. అక్కడా చిక్కే: 2016లో టచ్‌బార్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోకు పై వరస కీలే లేవు, 2021 మోడల్‌లో అవి పూర్తి సైజులో తిరిగొచ్చాయి. ఒకదాని కవర్ రెండోదానికి పట్టదు. అమెరికా అమరికలో ఎంటర్ కీ అడ్డంగా ఉంటుంది, యూరప్ అమరికలో నిలువుగా రెండు వరసలు ఆక్రమిస్తుంది. లండన్ నుంచి బంధువులు తెచ్చిన ల్యాప్‌టాప్‌కు ఇక్కడి కవర్ వేస్తే తెలిసొస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లైతే కంపెనీకో తీరు, మోడల్‌కో తీరు. కొన్నింటికి నంబర్ ప్యాడ్ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఇన్ని రకాలకు, అదీ ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు విడివిడిగా, అచ్చులు పోసి అమ్మితే ఏ తయారీదారుకు గిట్టుతుంది?

అచ్చు గొడవ ఇంకా పెద్దది. పెళ్లి వీడియోల ఎడిటర్లకు బాగా అలవాటైన ఎడియస్‌లో ‘సి’ నొక్కితే క్లిప్ అక్కడికక్కడే తెగుతుంది. ప్రీమియర్‌లో అదే ‘సి’ రేజర్‌ను చేతికిస్తుందంతే, కోత మనమే వేయాలి. ఫైనల్ కట్‌లోనూ రిజాల్వ్‌లోనూ బ్లేడ్ ‘బి’ మీద ఉంటుంది. ప్రీమియర్‌లో ‘బి’ రిపుల్ ఎడిట్. అన్నిచోట్లా దాదాపు ఒకేలా పనిచేసేవి వెనక్కి, ఆపు, ముందుకు చెప్పే జె, కె, ఎల్, ఇన్-అవుట్ గుర్తులు పెట్టే ఐ, ఓ. ఆ అయిదింటికి కవర్ అక్కర్లేదు, ఒక్క పూటలో చేతికొస్తాయి.

కొత్తవాళ్లకు కళ్లెదుట గుర్తులుంటే ధైర్యం కదా అంటారు. నిజమే, మొదటి నెల ఆ సాయం విలువైనదే. కానీ తెలుగు డీటీపీ ఆపరేటర్లను చూడండి. ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే ఉన్న కీల మీద అను ఫాంట్లలో యాపిల్ అమరికో, మాడ్యులర్ అమరికో చేతివేళ్లకే నేర్పించి పుస్తకాలకు పుస్తకాలు కొట్టినవాళ్లు వాళ్లు. గుర్తులు తప్పనిసరి అనుకుంటే యూఎస్‌బీ కీబోర్డు ఒకటి కొని, దానికే స్టిక్కర్లో కవరో వేసి, ఏ కంప్యూటర్ దగ్గరికైనా అదే పట్టుకెళ్లడం నయం. విండోస్ కీబోర్డు మ్యాక్‌కూ పనిచేస్తుంది. విండోస్ కీ అక్కడ కమాండ్ అవుతుంది, కావాలంటే సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. మోత బరువు కదా అనేవాళ్లకు ఒక మాట: మ్యాక్‌బుక్ మూసేముందు కీబోర్డ్ కవర్ తీసేయమని యాపిలే చెబుతోంది. రోజూ తీసి, పెట్టే బాధ కంటే ఈ బరువు మేలు.

పదిమంది కూర్చునే సిస్టమ్‌లో షార్ట్‌కట్‌లు వేరేవాళ్ల అలవాటు ప్రకారం ఉండొచ్చు కాబట్టి సొంత కీబోర్డు ఒక్కటే చాలదన్నది మాత్రం ఒప్పుకోవాల్సిన అభ్యంతరం. అందుకు ప్రీమియర్, ఫైనల్ కట్, రిజాల్వ్ మూడూ షార్ట్‌కట్‌లను మనకు నచ్చినట్టు మార్చుకోనిస్తాయి. రిజాల్వ్‌లో ప్రీమియర్, ఫైనల్ కట్, ఆవిడ్ అమరికలు సిద్ధంగానే ఉంటాయి. మీ అమరిక ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. పని అయ్యాక పాత అమరికను తిరిగి పెట్టి మరీ లేవండి; తర్వాత కూర్చునేవాళ్లు తమ అలవాటు కొద్దీ ‘బి’ నొక్కుతారు.