చిన్న విమానముల చప్పుడు

2025 నవంబరు 26వ తేదిన శంషాబాదు విమానాశ్రయమును చేరియున్న పారిశ్రామిక వాటికలో, ఫ్రాన్సు దేశపు సాఫ్రాన్ సంస్థవారి ఇంజనుల మరమ్మతు కర్మాగారమును ప్రధానమంత్రి ప్రారంభించిరి. పెద్ద విమానములకు అమర్చెడి లీప్ ఇంజనులను పరదేశములకు పంపనక్కర లేకుండ ఇచ్చటనే విప్పి, శోధించి, బాగుచేయుటకు ఏర్పడిన కర్మాగారమిది. పూర్తిగా పనిచేయునపుడు ఏటికి 300 ఇంజనులను సరిచేయగలదట. అంతకు పూర్వమునుండియు జి.ఎం.ఆర్. ఏరో టెక్నిక్ వారు ఆ యావరణముననే బోయింగు, ఎయిర్‌బస్ విమానములకు మరమ్మతులు చేయుచున్నారు. 1930 ప్రాంతమున బేగంపేటలో ఏరో క్లబ్బుతో మొలకెత్తిన హైదరాబాదు గగనయానము ఇంతటి వృక్షమగుట తెలుగువారెల్లరు సంతోషింపదగిన విషయమే.

అయినను చెట్టును చూచి మురియువారు వేరును మరువరాదు. మూడువందలమందిని మోసికొనిపోవు పైలటు సయితము తన తొలి పాఠమును రెండో నాలుగో ఆసనములుగల చిన్న విమానముననే నేర్చును. ఆ చిన్న విమానముపై మనము చూపుచున్న శ్రద్ధ యెంత? 2018 నవంబరులో శంకరుపల్లి చేరువ మోకిల పొలములలో శిక్షణ విమానమొకటి కూలి విద్యార్థి గాయపడెను. 2019 అక్టోబరులో బంట్వారము మండలము సుల్తానుపూరు పొలములో మరియొకటి కూలి శిక్షణ పొందుచుండిన ఇరువురు మరణించిరి. 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున ఇంకొకటి కూలి ఒక యువతి ప్రాణములు గోల్పోయెను. వీనికెల్ల యంత్రదోషమే కారణమని మేమనుట లేదు. కాని చిన్న విమానమునందు తప్పునకు అవకాశమెంత తక్కువయో, అది కూలినపుడు ఎవరి బిడ్డ పోవునో, ఎవరి పొలమున పడునో, ఈ మూడు దుర్ఘటనలును మనకు చాటినవి.

యంత్రము హఠాత్తుగా చెడుట అరుదు. పెక్కుమార్లు అది ముందుగా మూలుగును. బావివద్ద ఆయిలు ఇంజను నడపిన రైతుకు ఈ మాట క్రొత్త గాదు. గట్టుమీద నిలిచి, ఇంజను ఒక దెబ్బ తప్పినదని వినికిడిచేతనే అతడు గ్రహించును. అయితే రైతు ఇంజను నాపి చూచుకొనవచ్చును. ఆకసమున నున్నవానికి ఆ వీలు లేదు. కావున వినవలసినది నేలపై నున్నపుడే.

సెస్నా 152 వంటి విమానమున నాలుగు సిలిండర్లుండును. ఒక్కొక్కదానికి రెండేసి ప్లగ్గులు. వానికి నిప్పురవ్వ నందించుటకు రెండు మాగ్నెటోలు. ఒకటి చెడినను రెండవది ఇంజనును నడపును. ఎగురుటకు ముందు ఇంజనును నిమిషమునకు 1700 చుట్ల వేగమున త్రిప్పి, మాగ్నెటోలను విడివిడిగా పరీక్షింతురు. వేగము 125 చుట్లకు మించి తగ్గరాదు. రెంటినడుమ భేదము 50కి మించరాదు. ఇది అర నిమిషపు పని. ఈ అర నిమిషమున ఇంజను గడగడలాడినచో ప్లగ్గునకు మసి పట్టినదో, మాగ్నెటో క్షీణించినదో విచారింపక బయలుదేరుట సాహసము గాదు, అవివేకము.

కొన్ని చప్పుళ్లు మోసగించును. ఉదయమున చల్లగానున్న ఇంజను తడబడి, రెండు నిమిషములలో వేడెక్కి సర్దుకొనును. సర్దుకొన్నది గదా యని అందరును ఊరకుందురు. కాని ఎగ్జాస్టు వాల్వు తన గొట్టములో బిగిసికొనుచున్నదనుటకు ఆ తడబాటు తొలి సూచన కావచ్చును. ఉపేక్షించిన వాల్వు ఒకనాడు గాలిలో బిగిసి, పుష్‌రాడ్డును వంచి, ఇంజను శక్తిని హరింపగలదు. వాన ముసురునాడు కలుగు తడబాటు మరియొక విధము. ఎండదేశమున మంచేమిటని నవ్వరాదు. పెట్రోలు ఆవిరియగునపుడు కార్బ్యురేటరు లోపల మిక్కిలి చల్లనగుటచే, బయట 25 డిగ్రీల వేడి యున్నను తేమగాలి అందు మంచై పేరుకొనగలదు. వేడిగాలి మీట లాగినంతనే కరగిన నీరు ఇంజనులోనికి పోయి క్షణకాలము రొద మరింత హెచ్చును. తెలియనివాడు బెదరి మీటను వెనుకకు త్రోయును, తెలిసినవాడు ఓపికపట్టును. ఇంకొకప్పుడు తలుపు సందున చిక్కిన నడుముపట్టీ బయట వ్రేలాడి, విమానపు మేనిపై దడదడ కొట్టుకొనుచు, విమానమే విచ్చిపోవుచున్నదను భ్రమ గొలుపును. పట్టీవలన అపాయము లేదు. పైలటు కలవరపాటువలననే అపాయము.

అందుచేతనే ముందు విమానమును నడుపుము, పిదప దారి చూచుకొనుము, ఆ పిదప మాటలాడుము అని గగనవిద్యలో మొదట బోధింతురు. 2009 సెప్టెంబరు 2వ తేదిన బేగంపేటనుండి బయలుదేరిన హెలికాప్టరు నల్లమలలో కూలి, ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారితో కూడ ఐదుగురు మరణించిరి. దుర్ఘటనకు ప్రధాన కారణము క్రిందికి విసరిన తీవ్ర వాయుప్రవాహమని విచారణ సంఘము నిర్ణయించెను. ఆ చివరి ఘట్టమున పైలట్లు ఆరు నిమిషములకు పైగా గేరుపెట్టె నూనె పీడనమును గూర్చిన పరిహారమును పుస్తకమున వెదకుచుండిరని కూడ ఆ నివేదిక తెలిపెను. అనుభవజ్ఞులకే అట్టి స్థితి సంభవించినపుడు, నూరు గంటలైనను ఎగురని విద్యార్థి మాట చెప్పనేల? ఆకసమున వెదకవలసిన దోషములను నేలపైననే తగ్గించుట శిక్షణశాలల విధి.

ఇక అసలు చిక్కు యంత్రమున లేదు, మనుష్యులయందున్నది. వ్యాపార పైలటు లైసెన్సునకు మనదేశమున 200 గంటలు ఎగురవలెను. ఒక్కొక్క గంటకును రుసుము. ఆ రుసుమునకై తండ్రి ఎకరము నమ్మి యుండును. విమానము షెడ్డున నిలిచినచో విద్యార్థికి కాలనష్టము, యజమానికి ధననష్టము. ఇట్టి స్థితిలో "ఇంజను ఏదో చప్పుడు చేయుచున్నది" అని లాగుపుస్తకమున వ్రాయు విద్యార్థిని పిరికివాడందురు. విమానమును నిలిపివేయు ఇంజనీరును మొండివాడందురు. వ్రాయని దోషము మరమ్మతు కాదు. మొదటివాడు మింగిన మాటకు తరువాత ఎక్కినవాడు ప్రాణముతో మూల్యము చెల్లింపవలసివచ్చును.

2025లో పౌర విమానయాన శాఖవారి డి.జి.సి.ఏ. తొలిసారిగా శిక్షణశాలలకు తరగతులు నిర్ణయించినపుడు, పరిశీలించిన 35 శాలలలో ఒక్కటియు పై రెండు శ్రేణుల నందుకొనలేదు. ఈ పరీక్ష ఆరంభించినందుకు ఆ శాఖవారిని అభినందింతుము. అయితే ఏ శాలలో ఎన్ని దోషములు వ్రాయబడినవి, ఎన్నాళ్లలో సరిచేయబడినవి యనునదికూడ ప్రజలకు తెలియవలెను. దోషమే లేదని చెప్పు పుస్తకము మెచ్చదగినది గాదు, శంకింపదగినది. అమెరికాలో 1976 నుండియు, తమ కెదురైన అపాయములను పైలట్లు పేరు వెల్లడికాకుండ తెలుపుకొను ఏర్పాటు నాసా ఆధ్వర్యమున నడచుచున్నది. భయము తొలగినప్పుడే సత్యము పుస్తకమున కెక్కునని వారు గ్రహించిరి.

మా సూచన స్వల్పమైనది. దోషమును వ్రాసిన విద్యార్థినుండి ఆనాటి పరీక్షకు పట్టిన కాలమునకు రుసుము గొనరాదు. ఇంజనీరు సంతకముపై యజమాని ఒత్తిడి లేకుండవలెను. విప్పిన నూనె వడపోతలో లోహపు రజను కనబడెనా లేదా యనునది మొదలు ప్రతి పరిశీలనయు విద్యార్థి చూచుటకు వీలుండవలెను. జెట్టు ఇంజనులకు పేరుగాంచిన శంషాబాదునందు చిన్న పిస్టను ఇంజనుల పని నేర్పు తరగతులుకూడ వెలయవలెను. బిడ్డలను ఈ విద్యకు పంపు తల్లిదండ్రులు రుసుమెంతయని అడుగుటకు ముందు, లాగుపుస్తకము చూపుడని అడుగుదురు గాక. ఆ ప్రశ్నకు జంకని శాలయే మన బిడ్డల నప్పగింపదగిన శాల.